ఇనుప కొండల నడుమ చిన్న రాజ్యం: సండూరు

(నాంపల్లిలో జరిగిన సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసమంటే పోయినవారి గుణగణాలు కాసేపు తలచుకుని, ఆ తర్వాత వక్త తనకు తోచింది మాట్లాడటం ఆనవాయితీ. ఇవాళ మనం తలచుకుంటున్న మాస్టారికి ఈ తంతు గిట్టేది కాదు. మనిషిని పొగిడే పది నిమిషాల్లో ఒక పటం చూపించవచ్చు కదా అనేవారు. అందుకే ఆయన గురించి ఒక్క మాట చెప్పి పటంలోకి వెళతాను. ఆదివారం అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించేస్తే, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఇంజనీరింగ్ గైడ్లూ, అట్టలు ఊడిన నవలలూ, ఎవరింట్లోనో పెద్దాయన పోతే మూటగట్టి అమ్మేసిన గెజిటీర్లూ అన్నీ ఒకే గుట్టలో ఉంటాయి. మాస్టారు ఆ గుట్టల ముందు గొంతుక్కూర్చుని, మడతల దగ్గర చిరిగిన సర్వే పటాలను వెలుతురుకు పట్టి చూసేవారు. బళ్లారి జిల్లా పాత పటం ఆయనకు దొరికింది అక్కడే. ఆ పటంలో జిల్లా అంతా ఒక రంగు. నడుమ చిన్న ముక్క మాత్రం వేరే రంగు. తరగతిలో దాన్ని గోడకు తగిలించి, "ఈ దేశం పేరేమిటి?" అని అడిగేవారు.

ఆ దేశం పేరు సండూరు. ఇవాళ నా విషయం అదే. చుట్టూ కొండలు, సముద్రం లేదు, ఇరుగుపొరుగంతా ఒకే పెద్ద ప్రభుత్వం. యూరప్ పటంలో ఇలాంటివాటిని వేలు పెట్టి చూపిస్తాం గానీ, మన రాయలసీమను ఆనుకునే ఒకటి ఉండేదన్న సంగతి తక్కువమందికి తెలుసు.

ఎక్కడ, ఎంత

తుంగభద్రకు దక్షిణంగా, హొస్పేట నుంచి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది సండూరు. ఇప్పుడు కర్ణాటకలో బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. 1949 దాకా మాత్రం ఘోర్పడే వంశపు మరాఠా దొరలు ఏలిన సంస్థానం. మద్రాసు ప్రభుత్వం పర్యవేక్షణలో ఒకప్పుడు అయిదు సంస్థానాలుండేవి: తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, బనగానపల్లె, సండూరు. అన్నిటిలోకీ చిన్నది ఇదే. విస్తీర్ణం 161 చదరపు మైళ్లు, అంటే సుమారు 417 చదరపు కిలోమీటర్లు. 1901 జనాభా లెక్కల్లో పదకొండు వేల పైచిలుకు మనుషులు. మామిడిపండుతో దేశమంతా పేరెక్కిన బనగానపల్లె సంస్థానం కూడా దీనికన్నా పెద్దదే, 255 చదరపు మైళ్లు.

ఈ అంకెలు చూసి నవ్వుకోనక్కర్లేదు. పిరనీస్ కొండల్లో ఫ్రాన్స్‌కూ స్పెయిన్‌కూ మధ్య ఉన్న ఆండోరా 468 చదరపు కిలోమీటర్లు. ఆల్ప్స్‌లోని లీచ్టెన్‌స్టైన్ 160. ఇటలీ నడుమ కొండ మీద కూర్చున్న శాన్ మరీనో 61. ఈ మూడూ ఐక్యరాజ్య సమితిలో సభ్యదేశాలు. ఆండోరాకు కొంచెం తక్కువగా, లీచ్టెన్‌స్టైన్‌కు రెండున్నర రెట్లుగా ఉన్న సండూరు ఇవాళ ఒక తాలూకా. ఎందుకిలా జరిగిందన్న ప్రశ్నకు చరిత్ర పుస్తకం ఒక్కటే జవాబు చెప్పలేదు, భూగోళం కూడా తెరవాలి.

గోడ ఎలా లేచింది

బళ్లారి చుట్టుపక్కల ప్రయాణం చేసినవారికి ఆ నేల గుర్తుండే ఉంటుంది. చదునైన నల్లరేగడి, మధ్యమధ్య ఒంటరిగా లేచిన గ్రానైటు బోడిగుట్టలు. సండూరు దగ్గరికొచ్చేసరికి దృశ్యం మారిపోతుంది. రెండు కొండల వరసలు దాదాపు సమాంతరంగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగి, రెండు కొసల్లోనూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. పైనుంచి చూస్తే పడవ ఆకారం. పడవ అంచులు కొండలు, లోపలి భాగం సండూరు లోయ. పడమటి వరసలో రామనదుర్గం, దక్షిణాన కుమారస్వామి కొండ మూడు వేల అడుగులు దాటి ఉంటాయి. కొండల నెత్తులు చదునుగా, గడ్డితో ఉంటాయి.

ఆ కొండల్లో ఉన్నది గ్రానైటు కాదు. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని సండూరు షిస్టు మేఖల అంటారు. వయసు సుమారు 270 కోట్ల సంవత్సరాలు. ఆనాటి సముద్రాల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న ఇనుమూ, సిలికా తర్వాతి కాలంలో ముడతలు పడి, గట్టిపడి, నిట్టనిలువుగా లేచాయి. బళ్లారి జిల్లా భూగర్భాన్ని వివరంగా రాసినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. మన దేశంలో పాతరాతియుగపు పనిముట్లను మొదట గుర్తించిన ఫుట్ ఆయనే. కోట్ల ఏళ్లపాటు గాలీ వానా చుట్టూ ఉన్న నేలను అరగదీశాయి. ఇనుప పొరలు మాత్రం అరగలేదు, కొండలై మిగిలాయి. అంటే సండూరుకు కోటగోడగా నిలిచింది రాయి కాదు, ఇనుము. నా ఉపన్యాసమంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది.

ఈ గోడకు దారులు కొన్నే. ముఖ్యమైనవి రెండు, ఓబళగండి, భీమగండి. నారిహళ్ల అనే చిన్న వాగు రెండు కొండ వరసలనూ కోసుకుంటూ పోయి, చివరికి దరోజి చెరువుకు చేరుతుంది. అంత గట్టి కొండను ఇంత చిన్న వాగు ఎలా కోసిందని మాస్టారు పిల్లల్ని అడిగేవారు. ఇలాంటిచోట భూగోళ శాస్త్రం ఇచ్చే సమాధానం ఒకటే: వాగు దారి పాతది, కొండ బయటపడటం ఆ తర్వాత. పైనున్న మెత్తని నేల కొట్టుకుపోతుంటే, వాగు తన దారి విడవకుండా కిందికి కోసుకుంటూనే వచ్చింది.

ఓబళగండిలో నిలబడి చూశాను. రెండు పక్కలా గోడలు నిటారుగా లేస్తాయి. రాతికి ఎరుపూ ఊదా కలిసిన రంగు. ముక్క చేతిలోకి తీసుకుంటే ఆ పరిమాణానికి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువు తెలుస్తుంది, వేళ్లకు ఎర్రటి పొడి అంటుతుంది. అడుగున వాగు, వాగు పక్కన బాట. పదిమంది ఆయుధాలు పట్టుకుని ఇక్కడ నిలబడితే సైన్యం ఆగాల్సిందేనని చెప్పడానికి యుద్ధశాస్త్రం చదవనక్కర్లేదు.

గండ్ల దగ్గర కాపలా

చరిత్ర ఆ మాట రుజువు చేసింది. పద్దెనిమిదో శతాబ్దం మొదటి భాగంలో సిద్దోజీ ఘోర్పడే స్థానిక బేడ పాలెగాడి నుంచి ఈ లోయను గెలుచుకున్నాడు. అతని కొడుకు మురారిరావు. మన అనంతపురం జిల్లా గుత్తి కోటను స్థావరం చేసుకుని, కర్ణాటక యుద్ధాల్లో అన్ని పక్షాలకూ తన అవసరం కలిగించిన సేనాని. గుత్తి కోట ఎక్కినవాళ్లకు అక్కడ మురారిరావు కూర్చునే చోటును ఇప్పటికీ చూపిస్తారు. 1776లో గుత్తి హైదరాలీకి లొంగిపోయింది. మురారిరావు బందీగానే కన్నుమూశాడు. సండూరు కూడా మైసూరు చేతికి చిక్కింది. అయినా 1790లో, టిప్పు మూడో మైసూరు యుద్ధంలో తలమునకలై ఉన్న సమయంలో, ఘోర్పడేలు లోయను తిరిగి పట్టుకున్నారు.

గండ్ల విలువ బాగా తెలిసిన సంఘటన 1815 నాటిది. పీష్వా రెండో బాజీరావు సండూరు తనకు చెందాల్సిందని భావించాడు. నేరుగా దండెత్తకుండా, కుమారస్వామి దర్శనానికి వస్తున్నానని బయల్దేరాడు. వెంట సైన్యం. సండూరు దొర శివరావు ఎత్తు పసిగట్టి దారులు మూయించాడు. దేవుడి దర్శనానికైతే కొద్దిమందితో లోపలికి రావచ్చన్నాడు. పీష్వా దర్శనం చేసుకుని వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ తర్వాత పీష్వా కోరిక మీద ఇంగ్లీషువాళ్లు 1817లో థామస్ మన్రోను పంపారు. శివరావు పోరాడకుండా లోయను అప్పగించాడు. మరుసటి ఏడు పీష్వా అధికారమే అంతమైంది. సండూరును దాని దొరకు తిరిగి ఇవ్వమని సిఫారసు చేసినవాడూ మన్రోయే. దత్తమండలాల రైతులు తరతరాలుగా పేరు తలచుకున్న మన్రో ఈయనే. 1826లో, ఆయన మద్రాసు గవర్నరుగా ఉండగా, సండూరు దొరకు హక్కుపత్రం, అంటే సనదు, కూడా వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గండి మూసి పీష్వాను ఆపగలిగిన శివరావు మన్రోను ఆపడానికి ప్రయత్నించనైనా లేదు. పీష్వా ఒక ముఖం నుంచి వచ్చాడు. ఇంగ్లీషువాళ్లు 1800లో దత్తమండలాలు దక్కినప్పటి నుంచీ అన్ని ముఖాలా ఉన్నారు. కొండ దేశానికి ఇద్దరు పొరుగువారుంటే వారి తగవులో దానికి ఊపిరి ఆడుతుంది. ఆండోరా 1278 నుంచీ ఇద్దరు ప్రభువుల ఉమ్మడి ఏలుబడిలో, ఇటు ఉర్గెల్ బిషప్, అటు ఫోయిక్స్ ప్రభువుల వారసత్వంగా ఇవాళ ఫ్రాన్స్ అధ్యక్షుడు అన్న ఏర్పాటులో, బతికి బట్టకట్టింది. లీచ్టెన్‌స్టైన్ స్విట్జర్లండుకూ ఆస్ట్రియాకూ నడుమ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా కుప్పకూలాక, 1923లో స్విట్జర్లండుతో సుంకాల ఒప్పందం చేసుకుని అటు జరిగింది. సండూరుకు జరగడానికి రెండో వైపు లేకపోయింది.

సముద్రం లేని పెద్ద రాజ్యం

తుంగభద్ర దాటితే రెండో వైపు ఉండేది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, ఏటికి ఉత్తరపు ఒడ్డు అప్పట్లో రాయచూరు జిల్లా, నిజాం రాజ్యం. అందుకే 1945 ఫిబ్రవరి 28న తుంగభద్ర డ్యాముకు దక్షిణపు ఒడ్డున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్, ఉత్తరపు ఒడ్డున బేరారు యువరాజు ఆజంజా వేర్వేరుగా శంకుస్థాపన చేశారు. కానీ నిజాం రాజ్యానికీ అదే బాధ. 82,698 చదరపు మైళ్ల ఆ రాజ్యంలో సండూరు అయిదు వందల సార్లు పడుతుంది, అయినా సముద్రపు ఒడ్డు గజం కూడా లేదు. ఉత్తర సర్కారులు చేజారాక, 1802 వాణిజ్య ఒప్పందంలో మచిలీపట్నం రేవు వాడుకునే హక్కు మాత్రం కాగితం మీద దక్కింది.

మనం కూర్చున్న ఈ నాంపల్లి ఆ కథలో ఒక పాత్ర. 1907లో ఇక్కడి స్టేషను తెరిచారు. సొంత నాణెం, సొంత తపాలా బిళ్ల, చివరికి సొంత రైల్వే ఉన్న రాజ్యం అది. అయినా ఇక్కడినుంచి బయల్దేరిన ఏ సరుకైనా వాడి, బెజవాడ, మన్మాడ్ వంటి కూడళ్లకు చేరి, అక్కడి నుంచి మరొకరి పట్టాల మీద, మరొకరి రేవుకు పోవాల్సిందే. 1947లో నిజాం గోవాలోని మార్మగోవా రేవు కోసం పోర్చుగీసు వారితో బేరానికి ప్రయత్నించింది ఇందుకే. అది కుదరలేదు. 1948 సెప్టెంబరులో అయిదు రోజుల్లో రాజ్యం ముగిసింది. చుట్టూ ఒకే ప్రభుత్వం ఉన్నప్పుడు పెద్ద రాజ్యమైనా చిన్న రాజ్యమైనా ఒకటేనని హైదరాబాదు తేల్చింది. సండూరు 1949 ఏప్రిల్ 1న మద్రాసులో కలిసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను పంచితే ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనవైపు వచ్చాయి, సండూరు మైసూరుకు వెళ్లింది.

నిజాంకు దక్కని మార్మగోవా సండూరు ఎర్రమట్టికి మాత్రం దక్కింది. కథ అసలు మలుపు ఇక్కడుంది.

గోడే సరుకైతే

ఘోర్పడేల కాలంలో సండూరు లోయ ఆదాయం కొద్దిపాటిది. చిన్న పొలాలు, పశువులు, అడవి. 1882లో అడవిని మద్రాసు ప్రభుత్వం ఇరవై అయిదేళ్లకు కౌలుకు తీసుకుంది. రామనదుర్గం మీద చల్లగాలికి పంతొమ్మిదో శతాబ్దం నడుమ ఇంగ్లీషు సైనికుల ఆరోగ్య విడిది నడిచింది. చిన్నదైనా కొన్ని మంచి పనుల్లో సండూరు ముందుంది. తిరువాన్కూరు ఆలయ ప్రవేశ ప్రకటన 1936లో వస్తే, యువకుడైన సండూరు రాజు యశ్వంతరావు ఘోర్పడే అంతకు నాలుగేళ్ల ముందే కుమారస్వామి గుడిలోకి హరిజనులను అనుమతించాడు. 1934లో గాంధీ సండూరు వచ్చారు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మాంగనీసు తవ్వకాలు మొదలయ్యాయి. ఉక్కు తయారీకి మాంగనీసు కావాలి, సండూరులో అది మేలురకం. సంస్థానం పోయాక 1954లో సండూరు మాంగనీస్ అండ్ ఐరన్ ఓర్స్ కంపెనీ పుట్టింది. ఆ తర్వాత ప్రభుత్వ రంగ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దోణిమలైలో ఇనుప గని తెరిచింది, 1977లో ఖనిజం బయటకు రావడం మొదలైంది. ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం ఎక్కడుందో మీకందరికీ తెలుసు. ఇక్కడినుంచి ఆటోలో పోదగిన దూరంలో, మాసబ్ ట్యాంకులో. సండూరు కొండను ఎంత తవ్వాలో లెక్కలు వేసే కాగితాలు మన పక్క వీధుల్లోంచే పోతున్నాయి. అందుకే ఈ విషయం మనకు దూరంది కాదు.

2000 దాటాక చైనా ఉక్కు మిల్లుల గిరాకీతో ధర పెరిగింది. లారీలు రాత్రింబవళ్లు నడిచాయి. రోడ్డు పక్క చెట్లు, ఇళ్ల గోడలు, పత్తి చేలు అన్నీ ఒకే ఎర్ర రంగుకు వచ్చాయి. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు గుర్తుల మీద తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, సర్వే ఆఫ్ ఇండియా కొలతలు వేయాల్సి వచ్చింది. 2011 జులైలో బళ్లారి జిల్లా తవ్వకాలను సుప్రీంకోర్టు ఆపేసింది. తర్వాత గనులను తరగతులుగా విడదీసి, షరతులతో కొన్నిటిని తెరవనిచ్చింది.

ఇప్పుడు ప్రపంచంలోని మిగతా కొండ దేశాలను తీసుకోండి. దక్షిణాఫ్రికా నడుమ పూర్తిగా ఇరుక్కున్న లెసోతో పరిస్థితి సండూరు లాంటిదే. చుట్టూ ఒకే దేశం, భూమంతా సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన. అది అమ్ముతున్నది నీళ్లు. 1986లో ఒప్పందం రాసుకుని, కట్సే డ్యాము కట్టి, 1998 నుంచి దక్షిణాఫ్రికాకు నీళ్లిచ్చి రాయల్టీ తీసుకుంటోంది. ఆ డ్యాముల కింద మునిగిన పొలాల బాధ ఉంది, కాదనను. భూటాన్ మన దేశానికి కరెంటు అమ్ముతుంది. 336 మెగావాట్ల చూఖా ప్రాజెక్టు 1980ల చివరికి పనిలోకి వచ్చింది. ఆండోరా మంచునూ, తక్కువ పన్నులనూ అమ్ముకుంటుంది. ఇవన్నీ కొండ మీదినుంచి వచ్చేదాన్ని అమ్ముతున్నాయి. వచ్చే ఏడూ వాన పడుతుంది, మంచు కురుస్తుంది. సండూరులో అమ్ముడుపోతున్నది కొండే. అది తిరిగి రాదు. పీష్వాను ఆపిన గోడ ఖండఖండాలుగా వ్యాగన్లెక్కింది.

ఇనుము వద్దని నేననడం లేదు. నాంపల్లి స్టేషను పట్టాలూ, ఈ సభామందిరం పైకప్పు కడ్డీలూ ఏదో ఒక కొండ నుంచి వచ్చినవే. గనుల మీద సండూరులో వేల కుటుంబాలు బతుకుతున్నాయి. పక్కన తోరణగల్లులో పెద్ద ఉక్కు కర్మాగారమే ఉంది. నా అభ్యంతరం ఒక్కటే. ఒక దేశంగా ఉన్నప్పుడు సండూరుకు తన గండి ఎప్పుడు తెరవాలో, ఎవరికి తెరవాలో, కొంతమేరకైనా చెప్పుకునే వీలుండేది. లెసోతో నీటి ధర మీద బేరమాడింది ఒక ప్రభుత్వంగా. సండూరు లోయలోని పల్లెకు ఆ బేరంలో కుర్చీ లేదు. ఎంత తవ్వాలో బెంగళూరులో, ఢిల్లీలో, మన మాసబ్ ట్యాంకులో తేలుతుంది. చిన్న రాజ్యం పెద్ద దేశంలో కలవడం తప్పు కాదు, సంస్థానాల విలీనం అవసరమే. కలిసినప్పుడు ఆ చోటి మనుషుల మాటకు విలువ కట్టకపోవడం తప్పు.

ఖనిజం ఒక్కటే సండూరు కాదని కూడా చెప్పాలి. అక్కడి లంబాడీ ఆడవాళ్ల అద్దాల కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. మన తెలంగాణ తండాల్లోని కుట్టుకు అది అక్కచెల్లెలే. కుమారస్వామి గుడీ, దాని పక్కనే చాళుక్యుల నాటి పార్వతి గుడీ ఉన్నాయి. వానలు పడ్డాక సెప్టెంబరులో ఆ కొండల పచ్చదనం చూడాల్సిందే. ఈ విద్య, ఈ గుడి, ఈ పచ్చదనం ఏటా ఇస్తూనే ఉంటాయి, తవ్వి తీసేది మాత్రం ఒక్కసారే ఇస్తుంది.

మన పని

మాస్టారు పటాలు కూడబెట్టింది సరదాకు కాదు. పటం తెలియని చరిత్ర రాజుల పేర్ల జాబితా అవుతుందని ఆయన నమ్మకం. ఇవాళ మన పిల్లలు ప్రపంచంలోని చిన్న దేశాల పేర్లు పోటీ పరీక్షల కోసం బట్టీ పడుతున్నారు. తమ మండలంలో వాగు ఎటునుంచి ఎటు పోతుందో, గుట్టలో ఏ రాయి ఉందో, దాన్ని ఎవరు తవ్వుతున్నారో అడిగితే చెప్పలేరు. తెలంగాణ 1,12,077 చదరపు కిలోమీటర్ల రాష్ట్రం, దీనికీ సముద్రం లేదు. గ్రానైటుంది, బొగ్గుంది, సున్నపురాయి ఉంది. సండూరులో జరిగింది ఇక్కడా జరగవచ్చు, కొన్నిచోట్ల జరుగుతోంది కూడా.

ఈ స్మారక సంఘానికి నాదొక విన్నపం. ఏటా ఒక ఉపన్యాసం పెట్టి, శాలువా కప్పి పంపేస్తే మాస్టారికి తృప్తి ఉండదు. ఏడాదికి ఒక మండలం చొప్పున తీసుకుని, దాని భూగోళాన్ని, రాళ్లను, నీళ్లను, దారులను తెలుగులో చిన్న పుస్తకంగా రాయించండి. అందులో పటం తప్పనిసరిగా ఉండాలి. ఆ పుస్తకం ఆ మండలంలోని ప్రతి హైస్కూలుకూ ఉచితంగా చేరాలి. మొదటి పుస్తకం ఖర్చులో నా వంతు ఇవాళే కార్యదర్శిగారికి అందజేస్తున్నాను. మిగతాది సభలో ఉన్న మాస్టారి శిష్యులు పంచుకుంటారని ఆశిస్తున్నాను.